కంటతడి గవని

గృధ్రకనుమ ఇరుకుదారిలో ముందు నడుస్తున్న ఎద్దు కాలు జారింది. గులకరాయి ఒకటి లోయలోకి దొర్లింది. ఆ చప్పుడు అడుగుకు చేరకముందే, దారికి రెండు వైపులా బండల మీద చెక్కి నిలిపిన రాతి రాబందులు కళ్ళు తెరిచాయి.

"అవ్వా, బండకు అతుక్కుని కూర్చో" అన్నాడు మణికేతుడు.

అతడు చూడడానికి లవణపురి నుంచి ఉప్పు తోలుకొచ్చే వర్తకుడిలా ఉన్నాడు. చుట్టిన తలపాగా, చెవులకు ఇత్తడి పోగులు, చేతిలో ములుకోల. నిజానికి అతడు ఈ కనుమకు అవతలనున్న కురువింద సీమకు యువరాజు. ధూమ్రాంగదుడనే మాంత్రికుడు ఆ రాజ్యాన్ని కాజేసి అతడి తండ్రి రత్నకేతు మహారాజును చెరలో వేసిన రోజున, అతడు రెండేళ్ళ పసివాడు. రాచవంటశాలలో పనిచేసే మాచమ్మ అతణ్ణి కూరగాయల గంపలో దాచి, ఇదే కనుమ దాటించి, సముద్రతీరాన ఉన్న లవణపురికి చేర్చింది. ఇరవై ఏళ్ళు గడిచాయి. రాబోయే అమావాస్యనాడు ధూమ్రాంగదుడు మహారాజును బలి ఇచ్చి క్షుద్రయాగం ముగిస్తాడని కబురు తెలిసి, ఇద్దరూ వచ్చిన దారినే తిరిగి వస్తున్నారు.

మొదటి రాబందు రెక్క విదిల్చింది. ఏళ్ళ తరబడి పేరుకున్న నాచు, దుమ్ము జలజల రాలాయి. అది ఒక్క దూకులో వచ్చి ఎద్దు వీపు మీది ఉప్పు పెరికె సంచిని గోళ్ళతో పట్టుకుని గాలిలోకి లేచింది. మణికేతుడు ఎగిరి దాని కాలు పట్టుకున్నాడు. చూస్తుండగానే కాళ్ళ కింద నేల పోయింది. ఎక్కడో పాతాళంలో వాగు ఒకటి తెల్లని దారప్పోగులా మెరిసింది. అతడు మొలలోని కటారి దూసి రాబందు పొట్టలో పొడిచాడు. నిప్పురవ్వలు లేచాయి గాని రాతికి గీత కూడా పడలేదు. రెండో రాబందు పక్కనుంచి దూసుకొచ్చి ముక్కుతో పెరికెను చీల్చింది. ఉప్పు బుస్సున కారి దాని మెడ మీద, రెక్క మీద పడింది.

పడిన చోట రాయి ఉబ్బింది. పాత ఇంటి గోడకు ఉప్పు పట్టినట్టు పొరలు పొరలుగా పెట్లి రాలింది. కెవ్వున అరిచి ఆ పక్షి ఒక పక్కకు ఒరిగి, బండకు కొట్టుకుని ముక్కలైపోయింది.

మణికేతుడికి ఉపాయం దొరికింది. చిరిగిన పెరికెలో చేయి దూర్చి గుప్పెడు ఉప్పు తీసి, తనను మోసుకుపోతున్న పక్షి రెక్క మొదట్లో రుద్దాడు. రెక్క సడలింది. గిరికీలు కొడుతూ అది కిందికి దిగజారింది. కనుమ శిఖరం దగ్గర గరిక మొలిచిన తిన్నె కనబడగానే అతడు చేయి వదిలేసి దూకాడు. రెండు పొర్లు దొర్లి లేచేసరికి పక్షి లోయలో పడి పగిలిన మోత వినబడింది.

మాచమ్మ ఎద్దులను అదిలించుకుంటూ రొప్పుతూ పైకి వచ్చింది. అతడి మోకాలి గాయం చూసి, కొంగు చింపి కట్టు కట్టింది. ఆ తర్వాత తలెత్తి ఎదురుగా చూసి, అలాగే కూర్చుండిపోయింది.

కింద కురువింద సీమ పరుచుకుని ఉంది. పగడాల గుట్టల్లాంటి ఎర్రని కొండలు. ఆ కొండల సందున నాగుబాము కుబుసంలా నిగనిగలాడుతూ మెలికలు తిరిగే కురువింద నది. నదికి రెండు ఒడ్డులా మెట్లు మెట్లుగా కొర్రచేలు, వెన్ను బరువుకు వంగి గాలి వీచినప్పుడల్లా అన్నీ ఒక్కసారే ఒత్తిగిలుతున్నాయి. గట్ల మీద వాక్కాయ పొదలు గులాబిరంగు కాయలతో విరగబూసినట్టున్నాయి. దూరాన నది మలుపులో, ఏడు శిఖరాల పద్మకూట దుర్గం. ఆ దుర్గం మీద మాత్రం ఎండ లేదు. మాంత్రికుడి హోమధూమం గొడుగులా కమ్ముకుని ఉంది.

"సంకటి కెలుకుతున్నారు ఎక్కడో" అంది మాచమ్మ, ముక్కు ఎగబీలుస్తూ. "అడుగు మాడింది. ఆ మాడు గీకి పెట్టమని పిల్లలు దెబ్బలాడుకుంటారు ఇక్కడ."

మణికేతుడు నవ్వాడు. "లవణపురిలో మాడితే మాత్రం మాడు కాదా అవ్వా? నిప్పు ఎక్కడైనా నిప్పే."

ఈ వాదన వాళ్ళ మధ్య ఇవాళ పుట్టింది కాదు. లవణపురిలో ఆమె ప్రతి ఆదివారం కొర్రల సంకటి, పరిగెల పులుసు వండేది. వేలెడంత ఏటిచేపలు అక్కడ దొరకవు గనుక సముద్రపు నెత్తళ్ళు వేసేది. వాక్కాయ లేక మామిడికాయ వేసేది. ఒకసారి ఎవరో దేశదిమ్మరి ఎండు వాక్కాయలు తెచ్చాడని తెలిసి మూడామడలు నడిచి వెళ్ళి తెచ్చుకుంది. మణికేతుడు మూడు ముంతలు లాగించి వేళ్ళు నాకేవాడు. ఆమె రెండు ముద్దలు తిని, "కుదర్లేదు" అని పక్కన పెట్టేది. ఏం తక్కువైందంటే చెప్పలేకపోయేది. ఒకరోజు నీళ్ళు అనేది, ఒకరోజు కట్టెలు అనేది.

"దూరమైపోయిన తిండికి రుచి ఊహలో పెరుగుతుంది. అంతే" అన్నాడు మణికేతుడు.

"ఒక ముద్ద తిని అప్పుడు మాట్లాడు" అంది మాచమ్మ. అంతలోనే ఆమె ముఖం గంభీరమైంది. "తినకా తప్పదు. ఆ గవని దాటాలంటే తినే దాటాలి."

సీమలోకి పోయే ఒకే ఒక్క ద్వారం కనుమ దిగువన ఉంది. దానికి కంటతడి గవని అని పేరు వచ్చి ఇరవై ఏళ్ళు. యువరాజు ఎప్పటికైనా తిరిగి వస్తాడని ధూమ్రాంగదుడికి తెలుసు. ఏ వేషంలో వస్తాడో తెలియదు. అందుకని గవని దగ్గర ఒక పొయ్యి పెట్టించాడు. లోపలికి వచ్చేవాడు ఎవడైనా సరే, కూర్చుని ఆ సీమ సంకటి, ఆ సీమ పులుసు తినాలి. ఎదురుగా ఒక స్ఫటికపు గుండు ఉంటుంది. కారానికి కళ్ళు చెమరిస్తే అది కదలదు. బెంగతో చెమరిస్తే మాత్రం నెత్తురులా ఎరుపెక్కుతుంది. అలా దొరికినవాళ్ళు పరాయి వేషంలో వచ్చిన సొంతమనుషులని తేలిపోతుంది. వాళ్ళను గనుల్లోకి తోలేస్తారు.

"నా కన్నీళ్ళు లవణపురిలోనే ఇంకిపోయాయి" అంది మాచమ్మ దిగుతూ. "నీకా, ఆ రుచే తెలియదు. మనిద్దరికీ భయం లేదు."

మణికేతుడికీ అలాగే అనిపించింది.

గవని దగ్గర అప్పటికే పదిమంది బారులు తీరి ఉన్నారు. గవని అధికారి కరాళుడు ఎత్తయిన రాతిపీట మీద కూర్చుని ఉన్నాడు. గుమ్మడికాయంత స్ఫటికం అతడి ముందు ఇనుప ముక్కాలి మీద ఉంది. పక్కన పొయ్యి. పొయ్యి దగ్గర సూరక్క అనే ఆ సీమ ఆడమనిషి, కాలికి గొలుసుతో, తలెత్తకుండా వడ్డిస్తోంది.

వీళ్ళకు ముందు నలభై ఏళ్ళ గాజులవాడు కూర్చున్నాడు. పలుగురాయిలాంటి ముఖంతో సంకటి తిన్నాడు, పులుసు తాగాడు, దొప్ప మడిచి పారేశాడు. స్ఫటికం తెల్లగానే ఉంది. కరాళుడు పొమ్మని చేయి ఊపాడు. గాజులవాడు గాజుల మలారం భుజానికెత్తుకుని రెండు అడుగులు వేశాడు. ఆ తర్వాత ఎందుకో కుడిచేతిని ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్కసారి వాసన చూసుకున్నాడు.

కళ్ళు చెమర్చాయి. స్ఫటికం ఎర్రగా భగ్గుమంది. భటులు అతణ్ణి పట్టుకున్నారు. అతడు పెనుగులాడలేదు. వాళ్ళు ఈడ్చుకుపోతున్నా చేయి మాత్రం కడుక్కోనని పిడికిలి బిగించుకున్నాడు.

"తర్వాత" అన్నాడు కరాళుడు.

మాచమ్మ, మణికేతుడు పక్కపక్కన కూర్చున్నారు. సూరక్క మోదుగాకు దొప్పల్లో సంకటి ముద్దలు పెట్టి, నడుమ గుంట చేసి పులుసు పోసింది. "తినండి. ఉడుకుగా ఉంది, చూసుకుని" అంది మెల్లగా.

మాచమ్మ ఆ సీమ యాస విని రెప్ప కూడా వెయ్యలేదు. గడ్డి మేసినట్టు తినసాగింది. మణికేతుడు ముద్ద విరిచి పులుసులో అద్ది నోట్లో పెట్టుకున్నాడు.

మొదట ఏమీ తెలియలేదు. కొర్రల వాసన, కట్టెల పొగ. తర్వాత చేప మెత్తగా, ముల్లుతో సహా కరిగిపోయింది. అన్నిటికంటే వెనక, వస్తుందో రాదో అన్నట్టు, వాక్కాయ పులుపు వచ్చింది. మామిడి పులుపులా పళ్ళు జివ్వుమనిపించలేదు. దవడల కింద నెమ్మదిగా ఊరి గొంతులోకి దిగింది. చీకట్లో ఎవరో మెడ వెనక చేయి వేసి దగ్గరికి తీసుకున్నట్టయింది. ఆ చేయి ఎవరిదో అతడికి తెలియదు. తల్లి ముఖం అతడెరగడు. అయినా ఆ చేయి తీసేస్తారేమోనని భయం వేసింది. ఇరవై ఏళ్ళుగా తాను లొట్టలు వేసుకుంటూ తిన్నదంతా వేరే ఏదో అని అప్పుడు తెలిసింది. కళ్ళలోకి నీళ్ళు ఎప్పుడు వచ్చాయో తెలియలేదు.

స్ఫటికం అంచులు గులాబిరంగుకు తిరిగాయి. కరాళుడు పీట మీద నుంచి లేచాడు.

"ఎవరది?" అన్నాడు, ఇద్దరి వంకా మార్చి మార్చి చూస్తూ.

మణికేతుడి చేయి దట్టీలోని కటారి మీదికి పోయింది. చుట్టూ ముప్పైమంది భటులు. మాచమ్మ అతడి వైపు చూడలేదు. చేతిలోని దొప్ప ముందుకు చాచింది.

"ఇంకింత పెట్టు తల్లీ" అంది.

లవణపురిలో 'ఇంకొంచెం' అంటారు. 'ఇంకింత' అన్న మాట కురువింద సీమది. పట్టుబడతామన్న భయంతో ఇరవై ఏళ్ళు ఇంటి గడప బయట ఆమె ఆ మాట అనలేదు. అన్నాక ఇక ఆగలేదు. ముడతల చెంపల మీదుగా కన్నీళ్ళు ధారలు కట్టి దొప్పలో పడ్డాయి. స్ఫటికం నెత్తుటిముద్దలా మారిపోయింది. ఆ ఎరుపులో ఏది ఎవరి ఎరుపో చెప్పడం ఎవరి తరమూ కాదు.

సూరక్క గరిటె ముంచింది. "పెడతా పెద్దమ్మా" అని నిండా పోసింది.

"ముసలీ, నువ్వు ఈ సీమదానివి" అన్నాడు కరాళుడు. "మరి వీడెవడు? వీడి కళ్ళూ తడిగానే ఉన్నాయే."

"వీడా? ఎద్దులు తోలుకొచ్చే మనిషి. సముద్రం పక్కన పుట్టిన సన్నాసికి ఈ రుచేం తెలుస్తుంది? రెండు మిరపకాయలకే ముక్కు చీదుకుంటున్నాడు" అంది మాచమ్మ, మణికేతుడి వైపు విసురుగా చూసి. ఆ చూపులో కదలొద్దన్న ఆజ్ఞ ఉంది. "నన్ను ఎక్కడికి తోలుతారో తోలండి. ఇది తినేదాకా ఆగండి. ఇరవై ఏళ్ళు ఆగినదాన్ని."

కరాళుడు ఏమనుకున్నాడో, ఆగాడు. ఆమె నిదానంగా తింది. ఒక్కొక్క చేపనూ నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. దొప్ప అడుగున మిగిలిన పులుసును వేలితో తుడిచి నాకింది. మణికేతుడు పక్కనే ఎద్దుల ముకుతాడు పట్టుకుని నిలబడ్డాడు. అవ్వ ఒక తిండిని కడదాకా తినడం అతడు పుట్టి బుద్ధెరిగాక చూడడం అదే మొదలు.

"నీకు ఈ పులుసు వండడం వచ్చా?" అని అడిగాడు కరాళుడు ఉన్నట్టుండి.

"అదొక్కటే వచ్చు."

"అయితే నిన్ను గనికి పంపను. రత్నకేతుడు తొమ్మిది రోజులుగా మెతుకు ముట్టలేదు. అమావాస్య దాకా అతడి ప్రాణం నిలబడాలని మా ప్రభువు ఆజ్ఞ. ఈ సూరక్కను పంపితే గవని దగ్గర వండేవాళ్ళు లేరు. పద్మకూటానికి పోయే దోనె ఎక్కు."

మహారాజు పేరు వినగానే మాచమ్మ ముఖంలో కదిలినదాన్ని మణికేతుడు ఒక్కడే చూశాడు. ఆమె వెనక్కి తిరగకుండా నలుగురు భటుల నడుమ రేవు మెట్లు దిగిపోయింది.

"నువ్వు పో" అన్నారు భటులు మణికేతుడితో. అతడు ఎద్దులను గవని దాటించాడు. అంట్లు తోమడానికి గొలుసు ఈడ్చుకుంటూ అటు వచ్చిన సూరక్క, నీళ్ళు పారబోస్తూ తలెత్తకుండా అంది: "కళ్ళు తుడుచుకో అన్నా. పరిగెలు బతికినవి కాకపోతే పులుసు చేదెక్కుతుంది. దోనె చేపల కోసం పులిగుండు మలుపులో ఆగుతుంది. కొండకు అడ్డంబడి పోతే నువ్వే ముందు చేరతావు."

మణికేతుడు ఎద్దులను అక్కడే వదిలేశాడు. గాయపడిన మోకాలిని లెక్కచేయకుండా కొండకు అడ్డంగా పరుగు తీశాడు. వాక్కాయ ముళ్ళు చర్మం గీరాయి. ఒకచోట దారి తెగి, కింద ఇరవై నిలువుల లోతున నది సుడి తిరుగుతోంది. ఒంటిమాను వంతెన మీద అతడు సగం చేరేసరికి మాను పెళపెళమంది. మిగిలిన సగం ఒక్క దూకులో దాటాడు. వెనక మాను విరిగి నీళ్ళలో పడింది. అక్కడి నుంచి చిట్టిరాళ్ళ జారుడులో కూర్చుని, దుమ్ము మేఘంలా లేపుకుంటూ, ఏటి ఒడ్డుకు జారాడు.

ఒడ్డున ముసలి జాలరి ఒకడు వల ఆరబెట్టుకుంటున్నాడు. ఆకాశం నుంచి ఊడిపడ్డ మనిషిని చూసి కంగారుపడలేదు.

"తాతా, నీ వల, గోచిపాత, బుట్ట ఇయ్యి. నా బట్టలు నువ్వు ఉంచుకో. ఎందుకని అడక్కు."

"అడగను. వల వెయ్యడం వచ్చునా?"

"సముద్రంలో వచ్చు."

"ఇది సముద్రం గాదు. పరిగె ఎదురు నీళ్ళకు ఎక్కుతుంది. దాని ముందర వెయ్యాల, వెనక గాదు."

మణికేతుడు గోచిపాత కట్టుకుని, కటారిని దాని మడతలో దోపుకుని, మొలలోతు నీళ్ళలో దిగాడు. మొదటి విసురుకు వల ఖాళీగా వచ్చింది. రెండోసారి రెండు నాచుపోగులు. మలుపు అవతల తెడ్ల చప్పుడు వినబడుతోంది. మూడోసారి ఎదురునీటికి వలను ఎత్తుగా, వెడల్పుగా విసిరాడు. తాడు గుంజుకుంది. వెండిరేకుల్లాంటి పరిగెలు బుట్టెడు పడ్డాయి.

దోనెలో భటుడొకడు మాచమ్మను అడుగుతున్నాడు. ఈ సీమవాడు కాడతడు. "ఏం ముసలమ్మా, ప్రాణం మీదికి తెచ్చుకునేంత బాగుందా ఆ పులుసు?"

"బాగుంది అనడానికి లేదయ్యా. ఉప్పు ఒక పలుకు తక్కువే. అక్కడ ఇన్నేళ్ళూ నేను వండుకుని నేనే తిన్నాను. ఇవాళ ఒకరు వండి, ఉడుకుగా ఉంది చూసుకుని తినమన్నారు, మా మాటలో. మా అమ్మ అలాగే అనేది. మీ ఊరేది నాయనా?"

కొంతదూరం పోయాక భటుడు, "మా వైపు జొన్నరొట్టెలోకి అవిసెకారం నూరతారు" అన్నాడు, ఎవరితోనూ కాదన్నట్టు.

మలుపులో దోనె ఆగింది. మొలలోతు నీళ్ళలో తడిసిన జుట్టు ముఖాన పడ్డ జాలరి ఒకడు బుట్ట ఎత్తి చూపించాడు. మాచమ్మ ఆ చేతులను చూసింది. ఎవరివో పోల్చుకుంది. మరుక్షణం గయ్యిమంది.

"ఏరా, ఇవేనా చేపలు? సగం నడుములు విరిగి ఉన్నాయి. వల లాగడం నేర్పినవాడు ఎవడురా నీకు?" పెంచిన ఇన్నేళ్ళలో ఆమె అతణ్ణి 'ఏరా' అన్నది లేదు. భటుల వైపు తిరిగి అంది: "వీటిని లోపలిదాకా నీళ్ళు చిలకరిస్తూ తేవాలి. లేకపోతే వంటింటికి చేరేసరికి చస్తాయి. చచ్చిన చేపతో వండితే ఆ మహారాజు ముట్టడు, నా మీద పడకండి. వీణ్ణి ఎక్కించండి."

భటులు ముఖాలు చూసుకున్నారు. అవిసెకారం సంగతి చెప్పినవాడు చేయి అందించి జాలరిని దోనెలోకి లాగాడు.

పద్మకూటం నీటిగవని కొండ పొట్టలోకి తెరుచుకుంది. లోపల పగలు కూడా దివిటీలు వెలుగుతున్నాయి. దోనె లోపలికి జారగానే వెనక ఇనుపకటకటాలు గొలుసుల మోతతో దిగి నీటిని తెగ్గోశాయి. మణికేతుడు బుట్ట నెత్తిన పెట్టుకుని మెట్ల మీద కాలు మోపాడు. మాచమ్మ ముందు నడుస్తోంది. నలభై మెట్ల పైన ఎక్కడో, బరువుగా ఒక మనిషి దగ్గు వినబడింది. మాచమ్మ అడుగు తడబడింది. ఆ దగ్గు ఎవరిదో ఆమెకు తెలుసు.

అయితే నడిమెట్టు మీద మరొకడు నిలబడి ఉన్నాడు. బూడిదరంగు అంగీ, ఉత్త పాదాలు, జడలు కట్టిన జుట్టులోంచి సన్నగా లేస్తున్న పొగ. భటులందరూ ఒక్కసారి మోకాళ్ళ మీద వాలారు. ధూమ్రాంగదుడు ముసలిదాని వంక చూడనైనా చూడలేదు.

"కురువింద జాలర్లు బుట్టను చంకన పెట్టుకుంటారు" అన్నాడు మెత్తని గొంతుతో. "నెత్తిన పెట్టుకోరు. దించు. నీ చేతులు చూపించు."

మణికేతుడు బుట్ట దించాడు. పరిగెలు మెట్ల మీద చింది తళతళమని ఎగిరిపడ్డాయి. అతడు రెండు అరచేతులూ ముందుకు చాచి, కటారి పోటు అందేంత దగ్గరికి ఒక మెట్టు పైకి ఎక్కాడు.